ఇంజన్ బాగుంది సరే, ఇల్లు సంగతేమిటి?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. వచ్చే జూన్‌లో రిటైరవుతున్నాను. పిల్లలు దూరాన ఉన్నారు. ఇంట్లో ఒక గది ఉంచుకుని మిగతాది అద్దెకిచ్చి, నేనూ మా ఆవిడా మోటర్‌హోమ్‌లోనే ఉంటూ తిరగాలని ఆలోచన. విజయనగరంలో ఒకాయన దగ్గర 2016 మోడల్ టెంపో ట్రావెలర్ ఉంది. కర్ణాటక నంబరు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. లోపల మంచం, వంటగట్టు, టాయిలెట్, పైన ఏసీ, సోలార్ పలకలు ఉన్నాయి. 14 లక్షలు చెబుతున్నారు. మా మెకానిక్ వచ్చి చూసి ఇంజన్ బాగుందన్నాడు. మా ఆవిడకు ఇన్సులిన్ ఉంది కాబట్టి ఫ్రిజ్ తప్పనిసరి. అడ్వాన్సు ఇవ్వమని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇంకా ఏం చూడాలి?

సమాధానం: మీ మెకానిక్ మాట మీద మాకు అనుమానం లేదు. కాకపోతే ఆయన చూసింది బండిలో అన్నిటికన్నా తేలిగ్గా బాగుపడే భాగాన్ని. ట్రావెలర్‌కి క్లచ్ ప్లేటు నుంచి ఇంజెక్టర్ దాకా శ్రీకాకుళంలో దొరక్కపోతే విశాఖ ఆటోనగర్‌లో దొరుకుతుంది. పని తెలిసినవాళ్లూ ఉన్నారు. కొన్నాక బాగుచేయలేనివి వేరే ఉన్నాయి: ఆర్‌సీలో తప్పు, ఛాసిస్ మొయ్యలేని బరువు, గోడల్లోకి దిగిన చెమ్మ. ఈ వరుసలోనే చూడండి. మొదటి రెండింటికీ పెద్దగా ఖర్చు లేదు, ఒక పూట చాలు.

ముందు ఆర్‌సీ ఫొటో తెప్పించుకోండి. వెహికల్ క్లాస్ అన్నచోట ‘మోటార్ క్యారవాన్’ అని ఉండాలి. ‘ఓమ్నీ బస్’ అనో ‘మాక్సీ క్యాబ్’ అనో ఉండి లోపల మంచం, వంటగట్టు కనిపిస్తే, మార్పులు చేసి రికార్డులో ఎక్కించని బండి అన్నమాట. అనుమతి లేకుండా కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. దారిలో ఆపి వేసే జరిమానాతో పోతే ఫరవాలేదు. ప్రమాదం జరిగాక బీమా సంస్థ క్లెయిమ్ కట్టకుండా తప్పించుకోవడానికి ఇదే దారి అవుతుంది. క్యారవాన్ల తయారీకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం కట్టిన బండి అయితే కాగితం ఉంటుంది, చూపించమనండి. ‘తర్వాత మార్పించుకోవచ్చులెండి’ అంటే, ఆ మార్పించే పని ఆయన్నే పూర్తిచేసి అప్పుడు అమ్మమనండి.

ఆర్‌సీ మీద ఉన్న పేరు, మీతో బేరమాడుతున్నాయన పేరు ఒకటేనా? యజమాని పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద పాత యజమాని సంతకాలు పెట్టించుకుని, తమ పేరు ఎక్కించుకోకుండానే చేతులు మార్చే బేరాలు మన దగ్గర చాలా ఉన్నాయి. అలాంటి బండి జోలికి పోవద్దు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి క్లాసు, ఆర్‌సీ గడువు, బీమా గడువు చూడండి. ఈ-చలానా సైటులో బకాయిలు చూడండి. ఛాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. బ్యాంకు అప్పు ఉంటే, అది తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రెండూ కావాలి.

కర్ణాటక నంబరు కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. అది తెచ్చే బాధ్యత అమ్మేవారిదే. వేరే రాష్ట్రం బండిని ఒకచోట 12 నెలలకు మించి ఉంచితే ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలన్నది 47వ సెక్షన్. ఆయన విజయనగరంలో ఎన్నాళ్లుగా తిప్పుతున్నారో అడగండి. ఏళ్లు గడిచి ఉంటే ఆంధ్రలో కట్టాల్సిన పన్ను, దాని మీద జరిమానా మీ నెత్తిన పడతాయి. శ్రీకాకుళం రవాణా కార్యాలయంలో ఆర్‌సీ కాపీ చూపించి, ఈ బండికి ఇక్కడ ఎంత పన్ను పడుతుందో ముందే లెక్క కట్టించుకోండి. ఆ మొత్తం కలిపాక 14 లక్షలు 14 లక్షలుగా ఉండవు. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు గానీ, అది వచ్చినప్పుడు చూసుకుందాం, బేరంలో కలపకండి.

మీ లైసెన్సు కూడా ఒకసారి తీసి చూసుకోండి. ఆర్‌సీలో మొత్తం బరువు 7,500 కిలోలు దాటనంతవరకు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలు. 55 దాటాక రెన్యువల్ ఐదేళ్లకే ఇస్తారు, ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. ఇంకో మాట. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి, రూల్సు తరచూ మారుతున్నాయి. హిమాలయాల దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే బయల్దేరే ముందు అప్పటి ఉత్తర్వు చూసుకోవాలి.

ఇక బరువు. జాతీయ రహదారి మీద ఏ వేబ్రిడ్జి అయినా సరే, బండిని ఎక్కించండి. నీళ్ల ట్యాంకు ఖాళీ, డీజిల్ ఫుల్, లోపల మనుషులు లేకుండా ఒక తూకం. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇంకో తూకం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వెనక యాక్సిల్ మీద ఎంత పడుతోందో తెలుస్తుంది. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి తూకం తీసేయండి. మిగిలేది కనీసం 410 కిలోలు ఉండాలి. ఇద్దరు మనుషులు 140, నీళ్లు 120 లీటర్లంటే 120 కిలోలు, బట్టలు, పరుపులు, గిన్నెలు, బియ్యం, పప్పులు, గ్యాసు, పనిముట్లు కలిపి ఇంకో 150. రెండు రోజుల విహారానికి వెళ్లే బండికి ఈ లెక్క పట్టదు. అందులోనే కాపురం ఉండేవారికి పడుతుంది, ఏడాది తిరిగేసరికి సామాను పెరుగుతుందే గానీ తగ్గదు.

బరువు ఎక్కడి నుంచి వస్తుందంటే, ఇంటి వడ్రంగి చేత చేయించిన బండ్లలో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ నుంచి. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి 30 కిలోల పైన ఉంటుంది. పది షీట్లు వాడారంటే అక్కడే మూడు వందల కిలోలు పోయాయి. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి 55 కిలోల దాకా తూగుతుంది. అల్మరా తలుపు తీసి అంచు మందం స్కేలుతో కొలవండి. బరువు మించిన బండికి వెనక కమాను పట్టీలు వాలిపోయి ఉంటాయి, ఘాట్‌లో బ్రేకులు వేడెక్కుతాయి, వెనక టైర్లు పేలతాయి. టైర్ల సంగతి వచ్చింది కాబట్టి: పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. ఆరేళ్లు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే. ఎక్కువకాలం నిలిపి ఉంచిన బండికి టైర్ల పక్కలు పగుళ్లిస్తాయి. స్పేర్ టైరు అంకెలూ చూడండి.

అసలు సమయం చెమ్మ మీద పెట్టండి. పైకప్పుకి ఎన్ని రంధ్రాలుంటే అన్ని దారులు నీటికి. ఏసీ కూర్చున్న చదరం, గాలి ఫ్యాను, సోలార్ పలకల స్క్రూలు, వైరు లోపలికి దిగే చోటు, కొత్తగా కోసి పెట్టిన కిటికీలు, వెనక తలుపు పైన బీడింగ్, టెయిల్ లైట్లు. నిచ్చెన వేసి పైకెక్కి చూడండి. సందుల్లో తెల్ల సిలికాన్ పొరల మీద పొరలు పూసి ఉంటే అక్కడ ఎప్పటినుంచో కారుతోందని అర్థం. సిలికాన్ మీద కొత్త సీలెంట్ అంటుకోదు. మొత్తం గీకేసి, బ్యూటైల్ టేపు వేసి, పాలీయురిథేన్ సీలెంట్‌తో మళ్లీ చేయాల్సిందే.

నీళ్ల పరీక్ష తప్పనిసరి. తోట పైపుతో కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు కిటికీల కింది అంచులు, తర్వాత పక్కలు, తర్వాత పై అంచులు, చివరికి కప్పు. ఒక్కో చోట ఐదు నిమిషాలు, మొత్తం అరగంట తక్కువ కాకుండా. మొదటే కప్పు మీద పోస్తే అంతా తడిసిపోయి నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో చెప్పలేరు. ఒకరు లోపల టార్చితో ఉండాలి. పరుపు ఎత్తి దాని కింద పలక, పై అల్మరాల వెనక మూలలు, ఏసీ చుట్టూ సీలింగు, సింకు కింద నేల చూడాలి. కారడం వెంటనే కనిపించకపోవచ్చు, ఇంకో గంట ఆగి మళ్లీ చూడండి. ఒక్కోసారి నీరు ఒకచోట దిగి ప్యానెల్ వెనక్కి పోయి మీటరు దూరంలో బయటపడుతుంది.

పిన్నులు గుచ్చి చూసే మాయిశ్చర్ మీటరు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. అయితే మన తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ, పొడి చెక్కే 14, 15 శాతం చూపిస్తుంది. అందుకని అంకెను ఒంటరిగా చూడొద్దు. బండి మధ్యలో, నీళ్లు తగిలే అవకాశం లేని అల్మరా లోపలి పలక మీద ముందు కొలవండి, అదే మీకు కొలమానం. తర్వాత మూలల్లో, కిటికీల కింద, టాయిలెట్ గోడకు అటుపక్క కొలవండి. తేడా ఐదారు శాతం ఉన్నా, ఎక్కడైనా 20 దాటినా లోపల తడి ఉన్నట్టే. మీటరు లేకపోతే బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగినా, లామినేట్ ఉబ్బి గాలి బుడగలా ఉన్నా ప్లైవుడ్ పొరలు విడిపోతున్నాయి. లోపలికి వెళ్లగానే అగరొత్తులో, రూమ్ స్ప్రేనో గుప్పుమంటే ఇంకోసారి, తలుపులు రాత్రంతా మూసి ఉంచిన తెల్లారి వచ్చి చూడండి.

గోడల్లో ఏం నింపారో అడగండి. స్విచ్ బోర్డు ఒకటి విప్పితే కనబడుతుంది. నల్లటి నైట్రైల్ ఫోమ్ షీటు ఇనుప రేకుకు గట్టిగా అంటించి ఉంటే మంచిది. గ్లాస్‌వూల్ ఉంటే, దానికి ఒకసారి తడి తగిలితే స్పాంజిలా పట్టుకుని రేకును లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. కప్పు ఎక్కడా కారకపోయినా చెమ్మ వస్తుందని మరచిపోకండి. ఇద్దరు నిద్రపోతే ఊపిరితోనే రాత్రికి దాదాపు అర లీటరు నీరు గాలిలో కలుస్తుంది. పరుపు కింద చదునైన పలక కాకుండా సందులున్న పట్టీలు ఉండాలి. వంటగట్టు పైన గాలి బయటికి తోసే ఫ్యాను ఉండాలి. ఈ రెండూ లేకపోతే వానాకాలం తిరక్కుండానే పరుపు అడుగున బూజు పడుతుంది.

కింద పడుకుని ఛాసిస్ చూడడానికి పాత దుప్పటి ఒకటి తీసుకెళ్లండి. చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు లాంటి బీచ్‌ల దగ్గర తరచూ నిలిపిన బండి అయితే ఉప్పుగాలి పని చేసే ఉంటుంది. స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ పోండి. ఖంగుమంటే రేకు బాగుంది, డొల్లగా మోగితే కింద తుప్పు తినేసింది. మెట్టు, చక్రాల గూళ్లు, కమాను పట్టీల బ్రాకెట్లు, నీళ్ల ట్యాంకు బిగించిన క్లాంపులు ముఖ్యం. అడుగంతా నిన్న మొన్న వేసినట్టు నల్లటి అండర్ కోటింగ్ మెరుస్తుంటే మురిసిపోకండి, దాని కింద ఏముందో గీకి చూసేందుకు అనుమతి అడగండి.

మునిగిన బండేమో కూడా చూసుకోవాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను, 2022 సెప్టెంబరులో బెంగళూరు వరద, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరద, మూడూ ఈ బండి పుట్టాక వచ్చినవే. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద గీత ఉంటే అక్కడే తెలుస్తుంది. సీట్ల కింద బోల్టులు, ఫ్యూజు బాక్సు మూలలు, హెడ్‌లైటు లోపలి అంచు చూడండి. పాత బీమా పాలసీలు అడిగితే నో క్లెయిమ్ బోనస్ ఏ ఏడాది పోయిందో కనిపిస్తుంది. ఎందుకు పోయిందని అడగండి.

కరెంటు విషయంలో మీకు ముందే ఒక నిజం చెప్పాలి. పైన ఏసీ ఉన్నంత మాత్రాన మే నెల ఉక్కపోతలో రాత్రంతా నడవదు. టన్ను ఏసీకి ఎనిమిది గంటలకు సుమారు 5 యూనిట్లు కావాలి. 400 వాట్ల సోలార్ పలకలు కప్పు మీద చదునుగా పరిచి ఉంటే, ఎండ బాగా కాసిన రోజున ఇచ్చేది ఒకటిన్నర యూనిట్. మబ్బు పట్టిన జులై, ఆగస్టుల్లో అందులో సగం వచ్చినా గొప్పే. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండుంటే కాగితం మీద 3.6 యూనిట్లు, పాడవకుండా వాడుకోగలిగేది సగం. కాబట్టి బంధువుల ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టినప్పుడే ఏసీ అనుకోండి. మిగతా రాత్రుళ్లకు తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, దోమతెర ఉన్న కిటికీలు ఎదురెదురుగా ఉండాలి. అమ్మేవాళ్లు ఏసీ చూపిస్తారు, మీరు కిటికీలు చూడండి.

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కి మన వేడిలో రోజుకు అర యూనిట్ నుంచి ముప్పావు యూనిట్ పోతుంది. సోలార్ దాన్ని మోయగలదు, మబ్బు రోజుల్లో బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ నుంచి చార్జ్ ఎక్కే డీసీ-డీసీ చార్జర్ తోడుండాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. చిన్న ఫ్రిజ్‌లలో ఐసు పట్టే గోడకు ఆనించి పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి కొని, బండిని ఎండలో నిలిపి, తలుపులు మూసి, ఒక పగలూ రాత్రీ ఫ్రిజ్ నడిపించి చూడండి. ఈ ఒక్క పరీక్షలో ఫ్రిజ్, బ్యాటరీ, సోలార్ మూడింటి నిజం బయటపడుతుంది.

బ్యాటరీని విడిగా చూడాలంటే: నిండా చార్జ్ చేసి, చార్జరూ సోలారూ తీసేసి, 180 వాట్ల లోడు పెట్టండి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి దాన్ని ఐదు గంటలు తేలిగ్గా లాగాలి. రెండు గంటలకే మల్టీమీటరు 11.5 చూపిస్తే దాని పని అయిపోయింది. ఇన్వర్టర్ 2000 వాట్లదైతే 12 వోల్టుల దగ్గర సుమారు 190 ఆంపియర్లు లాగుతుంది, దానికి 50 నుంచి 70 స్క్వేర్ ఎంఎం కేబుల్ కావాలి. బొటనవేలంత లావు అన్నమాట. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. ఇంటికి వాడే సన్న వైరు రెండు వరసలు కలిపి మెలేసి ఉంటే, ఫ్యూజు కనిపించకపోతే, వైరింగ్ మొత్తం మార్చే ఖర్చు బేరంలో తగ్గించండి. మంటలు అక్కడే పుడతాయి. బయటి కరెంటుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనే ఆపేసే స్విచ్) ఉండాలి, టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి. పల్లెల్లో ఎర్తింగ్ లేని ఇళ్లు చాలా ఉన్నాయి, సాకెట్ టెస్టర్ పెట్టి చూసుకోకుండా ఎవరింట్లోనూ ప్లగ్గు పెట్టొద్దు. బాడీ మొత్తం ఇనుమే కదా.

నీళ్ల పైపులకు చిన్న పరీక్ష. పంపు ఆన్ చేసి, కుళాయిలన్నీ కట్టేసి, అరగంట ఊరుకోండి. ఆ మధ్యలో పంపు తనంతట తాను ఒక్కసారి గుర్రుమన్నా ఎక్కడో కారుతోంది. టాయిలెట్ కింద పెద్ద మలం ట్యాంకు బిగించిన బండికన్నా, పెట్టెలా బయటికి లాగి మోసుకెళ్లే క్యాసెట్ టాయిలెట్ ఉన్నది మనకు మేలు. ట్యాంకు ఖాళీ చేసే చోట్లు మన వైపు లేవు. క్యాసెట్ అయితే ఇంటివాళ్ల అనుమతితో సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలో పోసేయొచ్చు.

గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. సిలిండరు పెట్టె లోపలి గదితో సంబంధం లేకుండా మూసి ఉండాలి, దాని అడుగున బయటికి రంధ్రం ఉండాలి. కీళ్లన్నిటికీ సబ్బు నురగ రాసి చూడండి. రబ్బరు ట్యూబు మీద సంవత్సరం చూడండి, ఐదేళ్లు దాటితే మార్చండి.

చివరగా రోడ్డు. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయాలి, మీరు వచ్చేదాకా ముట్టుకోవద్దని ముందే చెప్పండి. నీళ్ల ట్యాంకు నింపి, నలుగురిని ఎక్కించి, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కండి. పైకి వెళ్లేటప్పుడు టెంపరేచర్ ముల్లు, దిగేటప్పుడు రెండో గేరులో బ్రేకుల వాసన చూడండి. అల్మరాల చప్పుళ్లు, తెరుచుకునే తలుపులు కూడా అప్పుడే తెలుస్తాయి. బండి ఎత్తు ఏసీతో కలిపి టేపుతో కొలిచి రాసుకోండి. రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర, ఊళ్లలో వేలాడే కేబుల్ వైర్ల దగ్గర ఆ అంకెతో రోజూ పని పడుతుంది. ఉద్దానం వైపు నిలిపేటప్పుడు కొబ్బరి చెట్ల కింద వద్దు. తుపాను హెచ్చరిక వస్తే తీరం వదిలి లోపలికి వచ్చేయండి, ఎత్తైన బండికి అడ్డగాలి ప్రమాదం.

అడ్వాన్సు మాట. కాగితం మీద రాసుకోకుండా రూపాయి ఇవ్వొద్దు. ‘మోటార్ క్యారవాన్ ఆర్‌సీ, కర్ణాటక ఎన్‌ఓసీ, నీళ్ల పరీక్ష, ఒక రాత్రి బండిలో పడుకోవడం, వీటిలో ఏది కుదరకపోయినా అడ్వాన్సు పూర్తిగా వాపసు’ అని రాసి ఇద్దరూ సంతకం చేయండి. నీళ్ల పరీక్షకు ఒప్పుకోనివారి దగ్గర బేరం అక్కడితో ఆపేయండి. ఆర్‌సీలో క్లాసు ఏమని ఉందో, కాటా చీటీలో రెండు తూకాలు ఎంతో మాకు రాసి పంపండి. 14 లక్షలు ఎంతకు దిగాలో అప్పుడు చెప్పగలం.